జవాబు ముందే తెలిసినప్పుడు

మీ ఎదురుగా బల్ల మీద విటమిన్ సి మాత్రల స్ట్రిప్ ఉంది. దాని మీద 500 మిల్లీగ్రాములని అచ్చేసి ఉంది. బ్యూరెట్‌లో అయోడిన్ ద్రావణం, శాంకవ కుప్పెలో మాత్ర కరిగిన నీళ్ళు, కాస్త స్టార్చ్. ఆ మాత్రలో విటమిన్ సి నిజంగా ఎంతుందో గంటన్నరలో మీరు కొలిచి చెప్పాలి. మరి జవాబు ముందే తెలిసినప్పుడు మీరు కొలుస్తున్నది మాత్రనా, స్ట్రిప్ మీది అంకెనా? పిపెట్‌లో గాలి బుడగ, సరిగ్గా కడగని కుప్పె, వణికే చెయ్యి, ఇవన్నీ ఈ ప్రయోగంలో ఉండే ఇబ్బందులే. వాటికి మందుంది, నాలుగుసార్లు చేస్తే చెయ్యి కుదురుతుంది. వాటన్నిటికంటే ఎక్కువగా రీడింగ్‌ను పాడుచేసేది ఆ 500 మీకు తెలిసి ఉండటమే అని నా వాదన. దీన్ని చెయ్యి తిరగడంతో పోగొట్టలేం. పని చేసే పద్ధతిలోనే దానికి అడ్డుకట్ట వేసుకోవాలి.

సికింద్రాబాద్‌లో, మారేడుపల్లి వైపో పద్మారావు నగర్ వైపో, ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ అనుకోండి. ఒక విద్యార్థిని ఒక మాత్రను 250 మిల్లీలీటర్ల ద్రావణం చేసింది. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీస్తే 20 మిల్లీగ్రాముల విటమిన్ ఉండాలి. 0.005 మోలార్ అయోడిన్ ఒక మిల్లీలీటరు 0.8806 మిల్లీగ్రాముల విటమిన్ సికి సమానం. కాబట్టి 22.7 దగ్గర నీలం రావాలని ఆమె ముందే లెక్కేసి పెట్టుకుంది. 22 దాటేదాకా ధారగా వదిలేసి, ఆ తర్వాత చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 22.6 దగ్గర చుక్క పడినచోట చిన్న నీలి మబ్బు లేచింది. కుప్పె తిప్పితే విరిగిపోయింది కానీ, ఇందాకటి కంటే కాస్త ఆలస్యంగా. చాలనుకుని అక్కడే కుళాయి కట్టేసింది. అదే మబ్బు 19 దగ్గర లేచి ఉంటే ఆగేదేనా? రెండోసారి 23.2 వచ్చింది. ‘చుక్కలు ఎక్కువ పడ్డాయి’ అని కొట్టేసింది. మూడోది 22.8, నాలుగోది 22.7. రికార్డులోకి మూడు చక్కటి అంకెలు ఎక్కాయి. ఆమె మోసం చేసిందా? లేదు. నచ్చని రీడింగ్‌ను నిలదీసింది, నచ్చినదాన్ని నిలదీయలేదు, అంతే. కానీ ఆ అంకెల్లో ఇప్పుడు మాత్ర గురించిన సమాచారం ఎంతుంది? స్ట్రిప్ చదివితే తెలిసేదే తప్ప కొత్తగా ఏమీ లేదు.

పైగా, ఆ 500 అయినా కచ్చితమైన అంకేనా? విటమిన్ సి గాలికీ తేమకీ క్షీణించే పదార్థం. గడువు తేదీ వరకు చెప్పిన మోతాదు మిగిలి ఉండాలని తయారీలో కాస్త ఎక్కువ వేయడం మామూలే. అమెరికా ఫార్మకోపియా ఈ మాత్రలకు లేబుల్ అంకెలో 90 నుంచి 110 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఆ ప్రమాణంతో చూస్తే 450 ఉన్నా, 550 ఉన్నా అది 500 మాత్రే. అందుకే మీకు 512 వస్తే, అది మీ తప్పు కాకపోవచ్చు, మాత్రలో ఉన్న నిజం కావచ్చు. దాన్ని 500 వైపు నెట్టారంటే, మీరు పడిన శ్రమలో దొరికిన ఒకే ఒక్క కొత్త విషయాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి. చప్పరించే మాత్రల్లో కొన్నిటిలో ఆస్కార్బిక్ ఆమ్లం 100 మిల్లీగ్రాములు, సోడియం ఆస్కార్బేట్ 450 మిల్లీగ్రాములు అని ఉంటుంది. రెండూ కూడితే 550 కదా అని కంగారు పడేవాళ్ళున్నారు. సోడియం ఆస్కార్బేట్ అణుభారం 198, ఆస్కార్బిక్ ఆమ్లానిది 176. 450ని 176తో హెచ్చవేసి 198తో భాగిస్తే సరిగ్గా 400. అలా 500 అవుతుంది. ఆమ్లం కలిపిన కుప్పెలో రెండూ అయోడిన్‌తో ఒకేలా చర్య జరుపుతాయి.

నచ్చని రీడింగ్‌ను కొట్టేయకుండా ఉంచుకుంటే ఏమొస్తుందో మనవాడి పనిలోనే కనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి కండరాల సారం మీద పెట్టినప్పుడు రంగు వెంటనే నిండుగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. ‘రంగు కుదురుకున్నాక ఒక రీడింగ్ తీసుకుంటే సరి’ అని వాళ్ళు అనుకుని ఉండవచ్చు. అనుకోలేదు. ఆ ఆలస్యం ఎందుకని వెంటపడ్డారు. కండరంలో భాస్వరం క్రియాటిన్‌తో ముడిపడి ఉందనీ, ఆమ్లంలో ఆ ముడి మెల్లగా విడిపోతుంటే రంగు అలా పెరుగుతోందనీ తేలింది. కండరం శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో అలా లోకానికి తెలిసింది. లెక్కకు అడ్డొచ్చిన రంగును కొట్టేయనందువల్ల దొరికిన ఫలితమది.

ఇక పనిలోకి దిగుదాం. కింది సూచనల్లో కొన్ని చేతికి సంబంధించినవి, కొన్ని మనసుకి. మనసుకి సంబంధించినవే ఎక్కువ కష్టం.

1. లెక్క చివర్లోనే వేయండి. మొదటి టైట్రేషన్ గబగబా, ఉజ్జాయింపుగా చేయండి. నీలం ఎక్కడొస్తుందో మీకు స్ట్రిప్ చెప్పకూడదు, కుప్పె చెప్పాలి. ఆ తర్వాత మూడు రీడింగులు జాగ్రత్తగా తీసి, పుస్తకంలో రాసి, అప్పుడు మాత్రమే మిల్లీగ్రాముల్లోకి మార్చండి. ఒక రీడింగ్ కాగానే ఫోన్ తీసి లెక్క చూసుకోవడం చాలామందికి అలవాటు. చూసిన క్షణం నుంచి తర్వాతి రీడింగ్ మీది కాకుండా పోతుంది.

2. తోడుగా ఉన్నవారిని వాడుకోండి. ల్యాబ్‌లో ఇద్దరేసి పనిచేస్తారు కదా, ఒకరు బ్యూరెట్ దగ్గర, ఒకరు ద్రావణం దగ్గర ఉండండి. ద్రావణం చేసేవారు ఒక సీసాలో మాత్ర ద్రావణం, ఇంకోదాంట్లో స్వచ్ఛమైన ఆస్కార్బిక్ ఆమ్లం, మూడోదాంట్లో అదే మాత్ర ద్రావణాన్ని తనకు మాత్రమే తెలిసిన మేరకు పలచన చేసింది పోసి, సీసాల మీద 1, 2, 3 అని చీటీలు అంటించాలి. ఏది ఏదో బ్యూరెట్ దగ్గరివారికి చెప్పకూడదు. ఖర్చేమీ లేదు, పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంటలో మీ కన్ను ఎంత నిజాయితీగా నీలాన్ని గుర్తుపడుతోందో మీకే తెలిసిపోతుంది.

3. స్వచ్ఛమైన నమూనాతో పోల్చకుండా మాత్ర మీద తీర్పు చెప్పకండి. వీటిలో ఒక్క సూచనే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. అయోడిన్ ద్రావణం సీసాలో ఊరికే ఉండదు, ఆవిరవుతుంది. మే నెలలో సికింద్రాబాద్ ఎండలకు, మూత వదులుగా ఉంటే మరీను. సీసా మీద 0.005 మోలార్ అని రాసి ఉన్నా నిజంగా అంత ఉండకపోవచ్చు. అయోడిన్ బలహీనపడితే మాత్రలో విటమిన్ తక్కువ వచ్చినట్టు కనిపిస్తుందా, ఎక్కువ వచ్చినట్టా? చాలామంది తక్కువ అంటారు. కానీ బలం తగ్గిన అయోడిన్ ఎక్కువ మిల్లీలీటర్లు పోయాల్సి వస్తుంది కాబట్టి లెక్క ఎక్కువే చూపిస్తుంది. దీనికి విరుగుడు సులువు. స్వచ్ఛమైన ఆస్కార్బిక్ ఆమ్లం 200 మిల్లీగ్రాములు తూచి 100 మిల్లీలీటర్లు చేయండి. అందులో 10 మిల్లీలీటర్లకు, అంటే 20 మిల్లీగ్రాములకు, 23.4 మిల్లీలీటర్ల అయోడిన్ పట్టిందనుకుందాం. అదే రోజు, అదే బ్యూరెట్‌తో, మాత్ర ద్రావణం 10 మిల్లీలీటర్లకు 23.7 పట్టింది. 23.7ని 23.4తో భాగించి 20తో, 25తో హెచ్చవేస్తే 506 మిల్లీగ్రాములు. పుస్తకంలోని 0.8806 పట్టుకుని నేరుగా లెక్కేసి ఉంటే దాదాపు 522 వచ్చేది. ఆ తేడా మాత్రలో లేదు, సీసాలో ఉంది. ఇలా నిష్పత్తిలో చూస్తే ఇంకో లాభం. మన దేశపు గాజు పరికరాల మీద తరచూ 27 డిగ్రీలని ముద్ర ఉంటుంది. గది 37 డిగ్రీలుంటే నీళ్ళు 0.3 శాతం వ్యాకోచిస్తాయి. ఆ తేడా రెండు రీడింగుల్లోనూ ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. నీలాన్ని కాస్త ముందో వెనకో ఆపే మీ కంటి అలవాటు కూడా అంతే. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఆ స్వచ్ఛమైన పొడి తెల్లగా, పొడిగా ఉండాలి. పసుపు తిరిగితే అది పాడైందని అర్థం.

4. రీడింగ్‌ను కొట్టేయడానికి కారణం అంకె కంటే ముందు పుట్టాలి. బ్యూరెట్ మొనలో గాలి బుడగ కనిపించింది, కుప్పె తిప్పుతుంటే చిందింది, కుళాయి జారి ధార పడింది. ఇలాంటివి జరిగిన క్షణంలోనే రాసుకోండి, రీడింగ్ చూడక ముందే. అప్పుడు దాన్ని పక్కన పెట్టే హక్కు మీకుంది. రీడింగ్ చూశాక గుర్తొచ్చే కారణాన్ని నమ్మకండి. అటువంటి రీడింగ్‌ను ఉంచి, ఇంకో రెండు తీయండి.

5. చేతి పొరపాట్లు ఏవి ఎంత బరువైనవో తెలుసుకోండి. అన్నిటికీ ఒకేలా భయపడితే అసలైనవి తప్పిపోతాయి. పైన చెప్పిన కొలతల్లో ఒక చుక్క, అంటే 0.05 మిల్లీలీటరు, మొత్తం మాత్ర లెక్కలో ఒక మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే. కాబట్టి ‘చుక్క తక్కువైంది, అందుకే 460 వచ్చింది’ అనే మాట చెల్లదు. 40 మిల్లీగ్రాముల తేడా రావాలంటే దాదాపు 36 చుక్కలు తప్పాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ విటమిన్‌ను తినేస్తుందంటారు. నిజమే, కానీ ఎంత? తాగునీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన ప్రమాణం. ఆ లెక్కన 250 మిల్లీలీటర్లలోని క్లోరిన్ పాడుచేసేది 0.12 మిల్లీగ్రాముల విటమిన్‌నే. 500 ముందు అది లెక్కలోకి రాదు. అయినా మరిగించి చల్లార్చిన స్వేదన జలమే వాడండి, ఎందుకంటే నీటిలో కరిగిన గాలి, లోహపు జాడలు, ముఖ్యంగా రాగి, నిలవ ఉన్న ద్రావణాన్ని అంతకంటే ఎక్కువ దెబ్బతీస్తాయి. ద్రావణం చేశాక టీకి వెళ్ళి రాకండి. 40 మిల్లీగ్రాములు ఎక్కడ పోతాయంటారా? కల్వంలో. మాత్ర నూరాక గోడకు అంటుకున్న పొడిని మూడుసార్లు కడిగి కుప్పెలోకి దించకపోతే అక్కడే పోతాయి. వీలైతే పది మాత్రలు కలిపి తూచి, సగటు బరువు కట్టి, మొత్తం నూరి, ఆ సగటంత పొడి తీసుకోండి. ఒక్క మాత్ర ఆ ఒక్క మాత్ర గురించే చెబుతుంది.

6. రంగు దగ్గర ఓపిక పట్టండి. థయోసల్ఫేట్ టైట్రేషన్‌లో స్టార్చ్ చివర్లో వేస్తారు కాబట్టి ఇక్కడా అలాగే చేయాలనుకుంటారు. అక్కర్లేదు. ఇక్కడ అయోడిన్ బ్యూరెట్‌లో ఉంది, స్టార్చ్ మొదట్లోనే వేయవచ్చు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం మాత్రం మరవకండి. నీటిలో వేయగానే బుసబుసమని పొంగే మాత్రలకైతే వాటిలోని బైకార్బనేట్ విరిగి గ్యాసంతా పోయేదాకా ఆమ్లం పడాలి. క్షారంలో అయోడిన్ దానంతటదే విరిగిపోతుంది. ద్రావణం తెల్లగా మసకగా ఉంటే వడకట్టే పని పెట్టుకోకండి, అది మాత్రను పట్టి ఉంచే పదార్థాల మసక. నారింజ రంగు మాత్రలతోనే అసలు చిక్కు. అందులో నీలం నీలంలా రాదు, మురికి ఆకుపచ్చగానో గోధుమగానో తిరుగుతుంది. కుప్పె కింద తెల్లటి టైలు పెట్టండి. టైట్రేషన్ మొదలుపెట్టని ఇంకో కుప్పెను పక్కనే ఉంచి రెండిటినీ పోల్చి చూడండి. మారిన రంగు 30 సెకన్లు నిలిస్తే అదే అంతిమ బిందువు.

ఇన్ని చెప్పాక కూడా మీ మనసులో ఒక అభ్యంతరం మిగిలి ఉంటుంది. పరీక్షలో ఎగ్జామినర్‌కి 500కి దగ్గరగా ఉన్న జవాబే కావాలి, నిజాయితీగా 512 రాస్తే మార్కులు పోవా? పోవచ్చు, ఒకటీ అరా. కానీ వైవాలో ‘మీ రెండో రీడింగ్ ఎందుకు తేడా వచ్చింది?’ అని అడిగితే, నిజంగా తీసిన రీడింగులున్నవారు జవాబు చెప్పగలరు, వండిన రీడింగులున్నవారు చెప్పలేరు. ఇంకా ముందుకు చూడండి. సికింద్రాబాద్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళేది ఎక్కడికి? బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం. ఆ మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మొదటి రోజే నేర్పేది, తీసిన ప్రతి రీడింగ్ తీసినప్పుడే, తీసినవారే, చెరపకుండా రాయాలని. విదేశీ తనిఖీ అధికారులు చూసేది అంకె బాగుందా లేదా అని మాత్రమే కాదు, కొట్టేసిన అంకె ఎక్కడికి పోయిందని. కాలేజీలో మూడేళ్ళు దిద్దుకోవడం అలవాటైన చేతికి అక్కడ ఒక్కరోజులో ఆ అలవాటు పోతుందా?

ఇంకో అభ్యంతరం బలమైనదే. అయోడిన్‌కి విటమిన్ సిని గుర్తుపట్టడం రాదు, ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం ఏదున్నా దాంతో చర్య జరుపుతుంది. హెచ్‌పీఎల్‌సీ యంత్రాలుండగా ఈ పాత పద్ధతి ఎందుకు? మాత్రలో సల్ఫైట్ లాంటి నిల్వ పదార్థం ఉంటే అదీ లెక్కలో చేరుతుంది, కాబట్టి స్ట్రిప్ చదవండి. ఆక్సీకరణం చెందినా విటమిన్‌గా పనిచేసే డీహైడ్రో రూపం అసలు లెక్కలోకే రాదు. ఇవి నిజమైన పరిమితులు. కానీ ఏమేమి కలిశాయో ముందే రాసి ఉండే మాత్ర విషయంలో వాటిని అంచనా వేయవచ్చు. అదే మోండా మార్కెట్‌లో ఉసిరికాయలు కొని రసం తీసి ఈ పద్ధతి పెడితే, అందులోని టానిన్లు కూడా అయోడిన్‌ను తాగి విటమిన్ ఎక్కువగా చూపించగలవు. పద్ధతి తప్పు కాదు, చోటు తప్పు.

ఉసిరి మాట వచ్చింది కాబట్టి, మన ఊళ్ళోనే ఉన్న ఒక ఉదాహరణ చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాత ఆహార పట్టికల్లో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉండేది. దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు, ఆయుర్వేద ప్రకటనలు, ఇంటింటి కబుర్లు ఆ అంకె మీదే నడిచాయి. అదే సంస్థ దేశమంతటి నుంచి నమూనాలు తెచ్చి, కొత్త పరికరాలతో కొలిచి 2017లో తెచ్చిన పట్టికలో ఉసిరికి 252 అని వేసింది. నమూనాలు వేరు, పద్ధతి వేరు. సొంత పుస్తకంలో, అందరికీ ప్రియమైన అంకె 600 ఉండగా 252 అని అచ్చేయడం చిన్న విషయమా? పాత అంకెకు దగ్గరగా ఉన్న నమూనాలు ఏరుకుని ఉంటే ఆ కొత్త పట్టికకు విలువేముంటుంది?

‘పది మిల్లీగ్రాములు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం’ అనే మాటకు నా దగ్గర వాదన లేదు. నష్టం లేదు. అదే పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకు రోజుకు చెప్పింది పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములే. 512 అయినా 500 అయినా మింగినవారికి ఒకటే. కానీ రేపు అదే బ్యూరెట్ దగ్గర అదే చెయ్యి కొలిచేది విటమిన్ కాకపోవచ్చు.

మరి అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక, స్వచ్ఛమైన నమూనా సరిగ్గా వచ్చి, మాత్ర మాత్రం 410 చూపిస్తే? అప్పుడు కూడా తొందరపడకండి. గడువు చూడండి, మాత్ర మీద గోధుమ మచ్చలున్నాయేమో చూడండి, అదే బ్యాచ్‌లో ఇంకో స్ట్రిప్ తెచ్చి వేరేవారి చేత చేయించండి. అప్పటికీ అంతే వస్తే వాట్సాప్‌లో పెట్టకండి, దానికి దారి వేరే ఉంది. మందుగా అమ్మే మాత్ర అయితే, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద, కొన్న ఎవరైనా ఫీజు కట్టి దాన్ని ప్రభుత్వ ఎనలిస్టు పరీక్షకు ఇచ్చి నివేదిక పొందవచ్చు. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌ను అడిగితే పద్ధతి చెబుతారు. మీరు తీసిన ప్రతి రీడింగ్, కొట్టేసినవాటితో సహా, మీ పుస్తకంలో ఉంటేనే ఆ ఆఫీసు గుమ్మం ధైర్యంగా ఎక్కగలరు.

ఒక్క చిన్న పని చేయండి. రీడింగులు పెన్నుతో రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయండి. కింద ఉన్న అంకె చదవడానికి వీలుగానే ఉండాలి. రేపు ల్యాబ్‌కి వెళ్ళేటప్పుడు పెన్సిలూ రబ్బరూ ఇంట్లోనే వదిలి వెళ్ళండి.